కార్మిక వైద్యురాలు - ఆలిస్ హామిల్టన్

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో అమెరికాలోని సంపన్న గృహాలలో గోడలకూ తలుపులకూ తళతళలాడే తెల్లరంగు కనిపించేది. స్నానాల గదిలో పాలవంటి నునుపైన తొట్టి ఉండేది. ఆ తెలుపు వెనుక, ఆ నునుపు వెనుక ఉన్నది సీసం. ఆ రంగులను నూరిన కార్మికుల ముఖాలు మాత్రం పాలిపోయి ఉండేవి. చిగుళ్ల అంచున నల్లని గీత ఏర్పడేది. భరింపరాని ఉదరశూలతో వారు మెలికలు తిరిగేవారు. కొంతకాలానికి వారి చేతులు మణికట్టు వద్ద వాలిపోయి, చెంచా పట్టుకోవడానికైనా లొంగేవి కావు. అటువంటివారు ఎందరున్నారో, ఎక్కడ పనిచేశారో, చివరకు ఏమయ్యారో చెప్పగల లెక్క ప్రభుత్వం వద్ద గాని, వైద్యుల వద్ద గాని లేదు. ఇంటింటికీ తిరిగి ఆ లెక్కను తీసిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్. మనిషి పీల్చే గాలి, తాగే నీరు, పనిచేసే చోట ఎగిరే ధూళి అతని ఆరోగ్యాన్ని మాత్రమే కాక అతని ఇల్లాలి ఆరోగ్యాన్నీ, పుట్టబోయే బిడ్డ ఆరోగ్యాన్నీ నిర్ణయిస్తాయని తన దేశానికి తెలియజెప్పిన తొలితరం వారిలో ఆమె అగ్రగణ్యురాలు.

ఆలిస్ హామిల్టన్ 1869 ఫిబ్రవరి 27న న్యూయార్కు నగరంలో జన్మించింది. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్‌వేన్ పట్టణంలో పెరిగింది. ఆ ఊరిలో హామిల్టన్ల కుటుంబం పెద్దది. పెదతండ్రుల, మేనత్తల పిల్లలందరూ ఒకే ఆవరణలో ఆడుకుంటూ పెరిగారు. తల్లిదండ్రులకు బడిచదువుల మీద నమ్మకం లేకపోవడంతో పిల్లలకు ఇంటివద్దనే భాషలు, సాహిత్యం, చరిత్ర నేర్పించారు. అక్క ఎడిత్ ఆ చదువునే పట్టుకొని ప్రాచీన గ్రీకు నాగరికతను గూర్చి వ్రాసిన గ్రంథాలతో విశ్వవిఖ్యాతి గడించింది. గణితం, విజ్ఞానశాస్త్రం మాత్రం ఆ ఇంటి చదువులో దాదాపు లేనట్లే. తండ్రి నడిపిన టోకు కిరాణా వ్యాపారం ఆలిస్ యుక్తవయస్సులో ఉండగా దివాలా తీసింది. ఆడపిల్లలు తమ కాళ్లమీద తాము నిలబడక తప్పని పరిస్థితి ఏర్పడింది.

ఆలిస్ వైద్యవృత్తిని ఎన్నుకున్నది. శాస్త్రం పట్ల అపారమైన ఆసక్తి ఉండి ఆ నిర్ణయం తీసుకున్నదని చెప్పలేము. వైద్యురాలైతే దూరదేశాలకైనా, నగరాల మురికివాడలకైనా, ఎక్కడికి వెళ్లినా తాను నలుగురికి ఉపయోగపడగలనని ఆమె భావించింది. భౌతిక, రసాయన శాస్త్రాలను ఊరిలోని ఒక ఉపాధ్యాయుని వద్ద మొదటినుంచి నేర్చుకొని, మిచిగన్ విశ్వవిద్యాలయంలో చేరి 1893లో వైద్యపట్టా పొందింది. రోగులకు చికిత్స చేయడం కంటె రోగకారణాన్ని వెదకడమే తన స్వభావానికి తగినదని ఆమెకు త్వరలోనే తెలిసింది. 1895లో అక్క ఎడిత్‌తో కలిసి ఉన్నత విద్యకై జర్మనీ వెళ్లింది. లైప్‌జిగ్, మ్యూనిక్ విశ్వవిద్యాలయాలలో స్త్రీలకు అధికారికంగా ప్రవేశం లేదు. ఇతర విద్యార్థుల దృష్టిలో పడకుండా మెలగాలన్న షరతుమీద మాత్రమే అక్కాచెల్లెళ్లకు ఉపన్యాసాలు వినే అనుమతి లభించింది. సూక్ష్మజీవశాస్త్రాన్ని అంతటి అవమానకర పరిస్థితిలోనూ ఆమె శ్రద్ధగా అభ్యసించింది.

1897లో షికాగో నగరంలోని స్త్రీల వైద్యకళాశాలలో రోగనిర్ధారణశాస్త్ర అధ్యాపకురాలిగా ఆమెకు ఉద్యోగం దొరికింది. ఉద్యోగం కంటె నివాసమే ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు విదుషీమణులు 1889లో ఆ నగరపు పేదవాడలో హల్‌హౌస్ అనే సేవాసదనాన్ని స్థాపించారు. చదువుకున్న స్త్రీపురుషులు పేదల నడుమనే నివసిస్తూ వారికి తోడ్పడడం ఆ సదనం ఆశయం. ఇటలీ, గ్రీసు, పోలెండు, రష్యా దేశాలనుండి పొట్టచేతపట్టుకొని వలసవచ్చిన కుటుంబాలు ఆ వీధులలో కిక్కిరిసి ఉండేవి. ఆలిస్ అక్కడ ఇరవైరెండు సంవత్సరాలు నివసించింది.

పగలు కళాశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న ఆమె సాయంకాలం హల్‌హౌస్‌లో తల్లులకు శిశుసంరక్షణ నేర్పేది. చంటిపిల్లలకు స్నానం చేయించడానికి ఒక చిన్న కేంద్రం నడిపింది. పళ్లు వచ్చేవరకు పిల్లలకు పాలు తప్ప మరేదీ పెట్టరాదని తాను నేర్చుకున్న శాస్త్రాన్ని ఆమె ఆ తల్లులకు బోధించింది. వారు తలలూపి, ఇంటికి పోయి తమకు తోచినదే పెట్టేవారు. పాలు పట్టినా ఏడుపు మానని పసివానికి తమ వంటలోనిదే కాస్త పెడితే ఏడుపు మానాడని, ఒళ్లు చేశాడని ఒక ఇటలీ తల్లి ఆమెకు చెప్పింది. అనంతర కాలంలో శిశుపోషణ సిద్ధాంతాలు మారినప్పుడు, ఆ తల్లులకే తనకంటె ఎక్కువ తెలుసునేమోనని ఆమె నిస్సంకోచంగా అంగీకరించింది. తన పొరపాటును తానే బయటపెట్టే ఈ గుణం ఆమె జీవితం పొడుగునా కనిపిస్తుంది. అందుకు ఇంతకంటె పెద్ద నిదర్శనం మరొకటి ఉంది.

1902లో షికాగోలో టైఫాయిడ్ ప్రబలింది. హల్‌హౌస్ ఉన్న పందొమ్మిదవ వార్డులో నగర జనాభాలో ముప్పయ్యారవ వంతు మాత్రమే నివసించేవారు. టైఫాయిడ్ మరణాలలో మాత్రం దాదాపు ఆరవ వంతు అక్కడే సంభవించాయి. కారణం వెదకడానికి పూనుకున్న ఆలిస్ వీధులలో తిరిగి చూసింది. మురుగుకాలువలకు కలపని మరుగుదొడ్లు, వాటి పక్కనే వంటయిళ్లు, రెంటి నడుమ మూగే ఈగలు ఆమెకు కనిపించాయి. సదనంలోని ఇద్దరు సహచరులతో కలిసి ఆ ఈగలను పట్టి, సూక్ష్మజీవులు పెరిగే ద్రవంలో వేసి పరీక్షించింది. వాటిలో టైఫాయిడ్ క్రిమి బయటపడింది. ఆ పరిశోధన పత్రికలకెక్కింది. ఆరోగ్యశాఖ మీద విచారణ జరిగింది, శాఖలో మార్పులు వచ్చాయి. ఆలిస్‌కు పేరు వచ్చింది.

కొంతకాలానికి అసలు సంగతి తెలిసింది. నీటిని పంపే కేంద్రం వద్ద ఏర్పడిన లోపంవల్ల మురుగు మంచినీటి గొట్టాలలో కలిసింది. మూడు రోజులపాటు ఆ వార్డు ప్రజలు ఆ నీటినే తాగారు. అధికారులు ఆ సంగతిని దాచిపెట్టారు. ఈగలలో క్రిములు ఉన్నమాట నిజమే కాని, అంతటి మారణానికి అవి ముఖ్యకారణం కావు. అప్పటికే ఆ సిద్ధాంతం జనంలో పాతుకొనిపోయింది. ఎవరు తన ఈగల పరిశోధనను ప్రశంసించినా ఆమె సిగ్గుపడేది, ఆ ప్రశంసకు తాను తగనని చెప్పేది. కళ్లకు కనిపించిన కారణంతో తృప్తిపడరాదని, దాచిన కారణం మరొకటి ఉండవచ్చునని ఈ సంఘటనవల్ల ఆమె గ్రహించింది. తరువాతి కాలంలో కర్మాగారాల గుమ్మం తొక్కినప్పుడు ఈ పాఠం ఆమెకు ఎంతో ఉపకరించింది.

హల్‌హౌస్ చుట్టూ ఉన్న ఇళ్లలో ఆమెకు మరొక విషయం కూడా ఎదురయింది. ఉక్కు కర్మాగారాలలో కార్బన్ మోనాక్సైడ్ వాయువు పీల్చి పడిపోయినవారు, రంగుల పనిలో చేతులు చచ్చుబడినవారు అడుగడుగునా కనిపించేవారు. 1907 ప్రాంతంలో ప్రమాదకర వృత్తులను గూర్చి ఇంగ్లండు వైద్యుడు థామస్ ఆలివర్ వెలువరించిన గ్రంథం ఆమె చేతికి వచ్చింది. ఐరోపా దేశాలలో ఈ రోగాల మీద విస్తృతమైన పరిశోధన ఉన్నదని, కర్మాగారాల తనిఖీకి చట్టాలు ఉన్నాయని ఆమెకు తెలిసింది. అమెరికాను గురించి వెదికితే ఏమీ దొరకలేదు. తమ దేశపు కర్మాగారాలు ఐరోపా కర్మాగారాలకంటె మేలైనవి గనుక అటువంటి రోగాలు తమకు లేవని వైద్యులే నమ్మేవారు. ఆ నమ్మకం ఎంత గుడ్డిదో అగ్గిపెట్టెల పరిశ్రమ ఋజువు చేసింది. తెల్ల భాస్వరం ఆవిరులు పంటిలోని రంధ్రాల గుండా ప్రవేశించి కార్మికుల దవడ ఎముకను కుళ్లబెట్టేవి. అమెరికాలో లేదనుకున్న ఆ వ్యాధి అక్కడ ఎందరికో ఉన్నదని జాన్ ఆండ్రూస్ అనే పరిశోధకుడు కనుగొన్నాడు. 1912లో అమెరికా కాంగ్రెసు భాస్వరపు అగ్గిపుల్లలమీద మోయలేనంత పన్ను విధించి ఆ పరిశ్రమను మార్చింది.

1910లో ఇలినాయ్ రాష్ట్రం వృత్తిసంబంధమైన వ్యాధుల సర్వే చేపట్టింది. అమెరికాలో ఒక రాష్ట్రం అటువంటి సర్వే జరపడం అదే ప్రథమం. దాని నిర్వహణ ఆలిస్‌కు అప్పగించారు. ఆమె తనకోసం సీసాన్ని ఎన్నుకున్నది.

ఆ కాలంలో సఫేదా తయారుచేసే పద్ధతి ఇది. మట్టికుండలలో పులిసిన ఆమ్లం పోసి, పైన సీసపు బిళ్లలు పేర్చేవారు. కుండల చుట్టూ తోళ్ల పరిశ్రమలో వాడిన చెట్టుబెరడు దట్టంగా నింపి, వరుసమీద వరుసగా కప్పుదాకా పేర్చి, గదిని మూసివేసేవారు. మూడు నాలుగు నెలలకు బెరడు పులిసి పుట్టిన వేడికి, వాయువుకు సీసం తెల్లని పొరగా మారేది. అప్పుడు కార్మికులు లోనికి వెళ్లి ఆ పొరను చేతులతో ఒలిచి, ఆరబెట్టి, నూరి, పీపాలకు ఎత్తేవారు. గది నిండా తెల్లని ధూళి ఎగిరేది. ఆ ధూళి వారి ఊపిరితో లోనికి పోయేది, మీసాలకు అంటేది, భోజనపు డబ్బామీద పేరుకునేది.

సీసం వల్ల రోగం వస్తే కార్మికుడు చేతులు కడుక్కోకుండా తినడమే కారణమని యజమానులు, చాలామంది వైద్యులు కూడా చెప్పేవారు. వలసవచ్చినవారి అపరిశుభ్రత మీదికి, తాగుడు మీదికి నేరం నెట్టడం సులభమయింది. చేతులకు అంటిన సీసంకంటె ఊపిరితో లోనికి పోయే ధూళి, పొగ ఎన్నోరెట్లు ప్రమాదకరమని ఆలిస్ నిరూపించింది. ఇందులో వైద్యవిషయం మాత్రమే లేదు. దోషం చేతులదైతే బాధ్యత కార్మికునిది. దోషం గాలిదైతే బాధ్యత యజమానిది. ఆ చిన్న భేదం మీదనే తరువాతి చట్టాలన్నీ నిలబడ్డాయి.

సర్వేలో ఆమెకు తనిఖీ అధికారం లేదు. యజమాని అనుమతిస్తేనే కర్మాగారంలో అడుగుపెట్టాలి. లోపలికి వెళ్లినా కార్మికులు నోరు విప్పేవారు కారు. నిజం చెబితే పని పోతుంది. అందుచేత ఆమె వారి ఇళ్లకు వెళ్లింది. వంటయింటి బల్ల వద్ద, ఇల్లాలి సమక్షంలో వారు మాట్లాడేవారు. ఆసుపత్రుల దస్తావేజులు తిరగవేసింది. వాడలోని మందుల దుకాణదారులను, మతగురువులను, కార్మికసంఘాల నాయకులను కలిసింది. స్నానపు తొట్లకు ఎనామిలు పూసే కర్మాగారం ఒకదానిలో ఆమెకు శుభ్రమైన గదులు చూపించారు. అక్కడ సీసపు జాడే కనిపించలేదు. ఆ తొట్ల పనిలో రోగగ్రస్తులైనవారిని ఇళ్లవద్ద కలిసినప్పుడు, అసలు పని ఆమెకు చూపించనేలేదని తేలింది. ఎర్రగా కాలిన ఇనుపతొట్టి మీద పొడిచేసిన ఎనామిలును జల్లడ పట్టినట్లు చల్లుతారు. వేడికి, ధూళికి తాళలేక రొప్పుతూ కార్మికులు ఆ పొడిని నిండుగా పీలుస్తారు. ఆ పొడిని తెప్పించి పరీక్షిస్తే అందులో సీసం ఉంది. టైఫాయిడ్ నాటి పాఠం వృథా పోలేదు.

డెబ్బైకి పైగా పనులలో కార్మికులు సీసపు విషానికి గురి అవుతున్నారని సర్వేలో వెల్లడయింది. ఆమె నివేదికలలో ఒక విశేషం ఉంది. అంకెల పక్కన మనుషులు ఉంటారు. ఫలానా కార్మికుడు ఎన్ని సంవత్సరాలు పనిచేశాడు, ఎన్నిసార్లు శూల వచ్చింది, ఏ చెయ్యి పడిపోయింది, వయసెంత, చూడడానికి ఎంత వయసువానివలె కనిపించాడు అనే వివరాలు ఒక్కొక్కరికీ వ్రాసింది. ముప్పైలలో ఉన్న మనిషి ముదుసలివలె కనిపించడం ఆ నివేదికలలో మాటిమాటికి ఎదురవుతుంది. 1911లో ఇలినాయ్ శాసనసభ వృత్తివ్యాధుల చట్టాన్ని చేసింది. ప్రమాదకర పనులలో ఉన్నవారికి నెలకొకసారి వైద్యపరీక్ష జరపడం యజమానుల విధి అయింది.

ఆమె పోట్లాడే స్వభావం గలది కాదు. మృదువుగా మాట్లాడే, నాజూకైన స్త్రీ. కాని వాస్తవాలు చేతిలో ఉంటే ఎవరి ముందైనా నిలిచేది. దేశంలోని అతిపెద్ద సీసపు సంస్థకు చెందిన ఎడ్వర్డ్ కార్నిష్ అనే అధికారికి, అతని కర్మాగారాలలో పనివారు విషగ్రస్తులవుతున్నారని ఆమె తెలిపింది. ఆయన నమ్మలేదు సరికదా కోపగించుకున్నాడు. ఋజువులు తెచ్చి చూపితే తగిన చర్యలు తీసుకుంటానన్నాడు. ఆమె ఆసుపత్రిపాలైన ఇరవైరెండు మంది వివరాలను తెచ్చి ఆయన ముందు ఉంచింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ధూళి లేవకుండా యంత్రాలకు మూతలు బిగించారు, పొగను లాగివేసే గొట్టాలు అమర్చారు, కర్మాగారాలలో వైద్యులను నియమించారు. తెలియక చేస్తున్న హాని తెలియజెబితే మానుతారని ఆలిస్‌కు గట్టి నమ్మకం ఉండేది. అది ప్రతిచోటా ఫలించలేదు. చట్టం లేనిదే యజమాని మంచితనం మీద ఆధారపడడం చాలదని ఆమె క్రమంగా గుర్తించింది.

1910లోనే బ్రస్సెల్స్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సభకు ఆమె హాజరయింది. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్యమనే శాస్త్రమే లేదని అక్కడి ప్రతినిధులు చులకనగా మాట్లాడడం ఆమె విన్నది. ఆ మాట అవాస్తవమని చెప్పలేకపోయింది. అమెరికా ప్రభుత్వపు కార్మికశాఖ 1911లో ఆమెను ప్రత్యేక పరిశోధకురాలిగా నియమించింది. జీతం లేదు. నివేదిక పూర్తిచేసి ఇస్తే దానికి ధర కట్టి ఇచ్చేవారు. ఎక్కడికి వెళ్లాలో, ఎట్లా వెళ్లాలో ఆమె ఇష్టం. ఆ స్వేచ్ఛను ఆమె పూర్తిగా వినియోగించుకున్నది. కుండలకు మెరుగుపెట్టే పని, రబ్బరు పని, అచ్చుపని, బ్యాటరీల పని అన్నీ పరిశీలించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మందుగుండు కర్మాగారాల చిరునామాలు రహస్యంగా ఉండేవి. ఆకాశంలోకి లేచే నారింజరంగు పొగను, ఒళ్లంతా పసుపు పచ్చబడిన కార్మికులను ఆనవాళ్లుగా పట్టుకొని ఆమె వాటిని వెదికింది. ఇండియానాలోని సున్నపురాతి గనుల ప్రాంతంలో చలికాలంలో శిల్పుల వేళ్లు తెల్లబడి మొద్దుబారిపోవడానికి గాలిసుత్తుల అదురే కారణమని 1918లో తేల్చింది.

ఆ పరిశోధనలన్నింటిలో ఆమెను ఎక్కువగా కలచివేసినది స్త్రీలు, శిశువుల సంగతి. సీసపు పనిచేసే స్త్రీలలో గర్భస్రావాలు, మృతశిశువుల జననాలు, పుట్టిన కొద్దికాలానికే సంభవించే శిశుమరణాలు అధికమని ఐరోపా వైద్యులు గమనించి ఉన్నారు. ఆలిస్ అమెరికాలోని కుండల పరిశ్రమలో, ఇతర పనులలో ఉన్న స్త్రీలను పరిశీలించి 1919లో నివేదిక వెలువరించింది. విషం ఒక మనిషితో ఆగదని, తల్లి గర్భంలోనికి కూడా ప్రవేశిస్తుందని ఆమె హెచ్చరించింది. ఆమె గమనించిన దానికి కారణం నేటి శాస్త్రం వివరంగా చెప్పగలుగుతున్నది. శరీరంలో చేరిన సీసం సున్నంతోపాటు ఎముకలలో చేరి దశాబ్దాల తరబడి నిలువ ఉంటుంది. గర్భధారణ కాలంలో ఎముకలనుండి సున్నం కరిగి శిశువుకు అందేటప్పుడు సీసమూ వెంట బయలుదేరి మాయను దాటి పోతుంది. పెద్దలకంటె పసిపిల్లల పేగులు సీసాన్ని నాలుగైదు రెట్లు అధికంగా పీల్చుకుంటాయి. ఎదిగే మెదడును అది శాశ్వతంగా దెబ్బతీస్తుంది. వార్ధక్యంలో ఎముకలు పలచబడినప్పుడు యౌవనంలో పీల్చిన సీసం మరల రక్తంలోనికి వస్తుంది. ఒక గదిలో ఎగిరిన ధూళి ఈ విధంగా గర్భవాసం మొదలు ముసలితనం దాకా వెంటాడుతుంది.

1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పారిశ్రామిక వైద్యశాస్త్రాన్ని బోధించడానికి ఆమెను ఆహ్వానించింది. ఆ శాస్త్రంలో ఆమెకు సాటిరాగల పురుషుడు దేశంలో లేనందువల్లనే ఆ ఆహ్వానం వచ్చింది. హార్వర్డ్‌లో అధ్యాపక పదవిని పొందిన ప్రథమ మహిళ ఆమె. అప్పటికి ఆ వైద్యకళాశాలలో విద్యార్థినులకు ప్రవేశమే లేదు. 1945 వరకు రాలేదు. ఆమె నియామకానికి మూడు నిబంధనలు తోడయ్యాయి. అధ్యాపకుల క్లబ్బులో అడుగుపెట్టరాదు. ఫుట్‌బాల్ పందెములకు అధ్యాపకులకిచ్చే టిక్కెట్లు అడగరాదు. స్నాతకోత్సవంలో ఊరేగింపున నడవరాదు, వేదికమీద కూర్చోరాదు. ఏటేటా స్నాతకోత్సవ ఆహ్వానం మాత్రం అందేది, అందులో స్త్రీలు రాకూడదన్న సూచనతో సహా. సంవత్సరంలో సగకాలమే బోధించి తక్కిన సగం క్షేత్రపరిశోధనకు కేటాయిస్తానని ఆమె షరతు పెట్టుకున్నది. పదహారేళ్లు పనిచేసి 1935లో పదవీ విరమణ చేసేనాటికి కూడా ఆమె సహాయ ఆచార్యురాలే.

ఆమె జీవితంలో ముఖ్యమైన ఓటమి 1925లో ఎదురయింది. మోటారు ఇంజన్లు కొట్టుకోకుండా సాఫీగా నడవడానికి పెట్రోలులో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీస సమ్మేళనాన్ని కలపవచ్చునని జనరల్ మోటార్స్ సంస్థలో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ 1921లో కనుగొన్నాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక చమురుశుద్ధి కర్మాగారంలో ఆ ద్రవాన్ని తయారుచేస్తున్న కార్మికులు భ్రాంతులకు లోనై, పిచ్చెత్తినట్లు ప్రవర్తించారు, ఐదుగురు మరణించారు. దేశం కలవరపడింది. 1925 మే 20న ప్రభుత్వ వైద్యాధిపతి వాషింగ్టన్‌లో సభ జరిపాడు. ఈ పదార్థంవల్ల దేశ ప్రగతి ముందుకు సాగుతుందని సంస్థల ప్రతినిధులు వాదించారు. కర్మాగారంలోని సీసాన్నయినా కొంతవరకు అదుపు చేయవచ్చు గాని, వీధివీధినా వెదజల్లే సీసాన్ని ఎవరూ అదుపు చేయజాలరని ఆలిస్ వాదించింది. సీసం వాడే చోట్లన్నిటా, ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, రోగం తప్పలేదన్న తన పదిహేనేళ్ల అనుభవాన్ని సభ ముందుంచింది. హాని జరిగినట్లు ఋజువు కావాలన్నారు కొందరు. హాని జరగదన్న ఋజువు ఉండాలన్నది ఆమె పక్షం. నిపుణుల సంఘం కొద్దినెలలు పరిశీలించి, నిషేధించడానికి తగిన ఆధారం లేదని 1926లో తేల్చింది. అమ్మకాలు మరల సాగాయి.

ఆ తీర్పు వెల ఇంతని కొలవడం కష్టం. సుమారు అర్ధశతాబ్ది పాటు ప్రపంచంలోని ప్రతి నగరంలోనూ వాహనాలు సీసాన్ని వెదజల్లాయి. రంగుల కర్మాగారంలో పనిచేసే తండ్రి ఒంటిమీదికి పరిమితమైన ధూళి ఇప్పుడు రహదారి పక్కన ఆడుకునే ప్రతి పిల్లవాని ఊపిరిలోనికి చేరింది. 1970లలో అమెరికా సీసాన్ని తగ్గించడం మొదలుపెట్టిన తరువాత అక్కడి పిల్లల రక్తంలో సీసపు పాళ్లు గణనీయంగా పడిపోయాయి. భారతదేశం 2000 సంవత్సరంలో సీసపు పెట్రోలుకు స్వస్తి చెప్పింది. లోకంలో చిట్టచివరగా అల్జీరియా 2021లో దానిని విడిచిపెట్టింది. ఆలిస్ ఆ సభలో మాట్లాడి అప్పటికి తొంభయ్యారు సంవత్సరాలు.

ఓటమితో ఆమె కుంగిపోలేదు. అదే 1925లో పారిశ్రామిక విషాలను గూర్చి అమెరికాలో తొలి పాఠ్యగ్రంథాన్ని వెలువరించింది. గడియారాల ముఖాలకు చీకటిలో మెరిసే రేడియం రంగు వేసే యువతులు కుంచె మొనను పెదవులతో సన్నబరచేవారు. సీసం వలెనే రేడియం కూడా ఎముకలలో చేరి, వారి దవడలను, వెన్నెముకలను నాశనం చేసింది. ఆ యువతుల పక్షాన 1928లో సాగిన ఉద్యమానికి ఆమె అండగా నిలిచింది. టోపీల పరిశ్రమలో పాదరసంవల్ల కార్మికుల చేతులు వణకడాన్ని, కృత్రిమ పట్టు పరిశ్రమలో కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరివల్ల మతిచలించడాన్ని బయటపెట్టింది. ఈ చివరి పరిశోధన నాటికి ఆమెకు డెబ్బై ఏళ్లు సమీపించాయి.

ఆమె కార్యరంగం కర్మాగారాలకే పరిమితం కాలేదు. యుద్ధం సాగుతుండగానే 1915లో జేన్ ఆడమ్స్‌తో కలిసి హేగ్ నగరంలో జరిగిన మహిళల శాంతిసభకు వెళ్లింది. 1924 నుండి ఆరేళ్లు నానాజాతిసమితి ఆరోగ్యసంఘంలో సభ్యురాలిగా ఉంది. 1943లో ఆత్మకథను ప్రచురించింది. 1947లో లాస్కర్ పురస్కారం లభించింది. అవివాహితగా జీవించిన ఆమె, కనెక్టికట్ నదీతీరాన హాడ్‌లైమ్ అనే పల్లెలో చెల్లెలు మార్గరెట్‌తో చివరి దశాబ్దాలు గడిపింది. తొంభై ఏళ్లు దాటిన తరువాత కూడా వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ప్రకటనలమీద సంతకాలు చేసింది.

నిండు నూరేళ్లు దాటి, 1970 సెప్టెంబరు 22న నూటొకటవ ఏట ఆలిస్ హామిల్టన్ కన్నుమూసింది. హాడ్‌లైమ్ శ్మశానంలో ఎడిత్ సమాధి ఉన్న చోటనే ఆమెను ఖననం చేశారు. మూడు నెలల తరువాత, డిసెంబరు 29న, కర్మాగారాలను తనిఖీచేసే అధికారాన్ని కేంద్రప్రభుత్వానికి కల్పించే వృత్తిరక్షణ, ఆరోగ్య చట్టం మీద అమెరికా అధ్యక్షుడు సంతకం చేశాడు.